అడిగించుకోని ఇల్లు

లేత ముంజలు దిగిన వారంలోనే మా కోడలు పావని ఆ కబురు చెప్పింది. పొయ్యి మీద పాలు పొంగాయి అన్నంత మామూలుగా చెప్పింది.

"అత్తయ్యగారూ, సోమవారం నుంచి రోజూ మధ్యాహ్నం నేను సీతారామలక్ష్మిగారింటికి వెళ్తానండి. వాళ్ల మనవడు అనంతుకి నేర్పడానికి. మన సాయికి నేర్పడానికి వినీల అనే అమ్మాయి మనింటికి వస్తుంది."

నేను ముంజకి పైపొర తీస్తున్నాను. తీస్తున్నదాన్నల్లా ఆగిపోయాను.

"నీ పిల్లకి నేర్పడానికి ఇంకో పిల్లా? నువ్వేమో ఊళ్లోవాళ్ల పిల్లాడికా? ఇదేం చోద్యమే?"

పావని అప్పటికి ఏడాదిగా కంప్యూటరు ముందు కూర్చుని ఒక చదువు చదువుతోంది. దాని పేరు అసిస్టెంట్ బిహేవియర్ ఎనలిస్ట్ చదువు. నాకు నోరు తిరగడానికే చాలా రోజులు పట్టింది. మాట రాని పిల్లలు, మంకుపట్టు పట్టే పిల్లలు ఎందుకలా చేస్తున్నారో కనిపెట్టి, కావలసింది అడగడం, ఒకచోట కుదురుగా కూర్చోవడం, అన్నం తినడం, అన్నీ అంచెలంచెలుగా నేర్పే పని. ఆ సర్టిఫికెట్ చేతికి రావాలంటే పుస్తకాలు చదివితే సరిపోదట. విశాఖపట్నంలో ఉండే పెద్ద మేడమ్ ఒకావిడ కంప్యూటర్లోంచి చూస్తూ దిద్దుతూ ఉంటే బోలెడన్ని గంటలు పిల్లలతో పని చెయ్యాలి. ఆ తర్వాత పరీక్ష. అయితే ఆ గంటల్లో సొంత పిల్లకి చేసింది లెక్కకి రాదట.

"ఎందుకు రాదంట?"

"మన పిల్లయితే ప్రేమ కళ్లు కప్పేస్తుందండి. ఉన్నది ఉన్నట్టు చూడలేం."

"కన్నతల్లి కంటే బాగా ఎవరు చూస్తారే?"

"ఎవరూ చూడరండి. అందుకే వద్దన్నారు."

 జవాబు తోచనప్పుడు నేను గొంతు పెంచుతాను.

"పోనీ ఆ కాగితం వచ్చాకైనా నీ ఇష్టప్రకారం చేసుకోవచ్చా?"

"లేదండి. నేను అసిస్టెంటునే కదా. నా పైన ఎప్పుడూ ఒక మేడమ్ ఉండాల్సిందే. నా పని చూసి, తప్పులుంటే చెబుతారు."

"ఓస్! దానికి విశాఖపట్నం దాకా ఎందుకే? ఇక్కడ నేనున్నానుగా."

పావని నవ్వేసింది. నేను నవ్వలేదు. మా చేలోకి పెట్టాల్సిన నీళ్లు గట్టు తెగి పక్కవాళ్ల చేలోకి పోతుంటే చూస్తూ కూర్చున్నట్టు ఉంది నాకు.

మాది భీమవరం. మా అబ్బాయి అప్పాజీ రొయ్యల మేత కంపెనీలో చేస్తాడు. పొద్దున్న చెరువుల మీదకి పోతే చీకటి పడ్డాకే రాక. ఇంట్లో ఉండేది మేం ముగ్గురం ఆడవాళ్లం. నేను, పావని, మా సాయిదుర్గ. సాయికి ఐదేళ్లు నిండాయి. మాట లేదు. ఆటిజం అన్నారు డాక్టర్లు. అంటే అన్నారు గాని, నాకు ఆ పిల్ల మాట లేకపోవడం ఎప్పుడూ లోటనిపించలేదు. గోడకి భుజం రాసుకుంటోందంటే దాహం. ఫ్రిజ్ దగ్గర మునివేళ్ల మీద గిరగిరా తిరిగిందంటే పెరుగన్నం. చెవి నలుపుకుంటే నిద్ర. అది నలుపుకునేలోపే నా ఒడి సిద్ధంగా ఉండేది. దాని వొంటి మీద నాకు తెలియని భాష లేదు.

పైగా మాది అడిగించుకుని పెట్టే వంశం కాదండి. మా అత్తగారి హయాంలో భోజనానికి కూర్చున్న మనిషి "కొంచెం పప్పు వెయ్యండి" అని నోరు తెరిచాడంటే వడ్డించేదాని పరువు పోయినట్టే. ఆవిడ విస్తరి చూసి వడ్డించేది, నోరు చూసి కాదు. ఒకసారి మా మరిదిగారి మామగారు మజ్జిగ అడిగి పోయించుకున్నారని ఆవిడ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అలాంటి ఇంట్లోకి వచ్చింది వినీల, అడగడం నేర్పుతానని.

స్కూటీ మీద వచ్చింది. సన్నగా, చామనఛాయగా, జడ బిగించి వేసుకున్న పిల్ల. ఆవిడదీ పావని చదువే. ఆ మేడమ్ కిందే నేర్చుకుంటోంది. "నమస్కారమండి మామ్మగారూ" అంటూ చెప్పులు విడిచి, వరండాలో చాప పరుచుకుని ఒక పక్కన తను కూర్చుంది. సంచిలోంచి చిన్న చిన్న బొమ్మల కార్డులు తీసింది. ముంజ బొమ్మ, గ్లాసు బొమ్మ, ఉయ్యాల బొమ్మ. ముంజలు గిన్నెలో పోసి తన దగ్గర పెట్టుకుంది. సాయికి కనిపించేలాగానే పెట్టింది. కానీ ఇవ్వదు! సాయి ముంజ బొమ్మ తీసి ఆవిడ చేతిలో పెట్టాలి. అప్పుడు ముంజ.

సాయి గిన్నె వైపు చూసింది. చెయ్యి చాపింది. అందలేదు. కీచుమని అరిచింది. నేను వంటింట్లోంచి ముంజ పుచ్చుకుని పరిగెత్తాను.

"మామ్మగారూ, ఒక్క క్షణం ఆగండి. అడగనివ్వండి."

"ఏమ్మా, మీ ఇంట్లో పిల్లలు ఏడిస్తేనే పెడతారా?"

"ఏడవక ముందే సాయం చేస్తానండి. చూడండి." వినీల సాయి చేతిని మెల్లగా పట్టుకుని కార్డు తీయించి, తన చేతిలో పెట్టించుకుంది. "ముంజ! ఇదిగో ముంజ" అంటూ వెంటనే నోట్లో పెట్టింది. సాయి నోరంతా నీళ్లు కారుతూ తినేసింది.

ఆ వారం గడిచేసరికి చెయ్యి పట్టించక్కర్లేకపోయింది. సాయి తనంతట తానే కార్డు తీసి వినీల చేతిలో పెడుతోంది. చూసి సంతోషించాల్సిందే. పావని అయితే ఒకరోజు పెందలాడే తిరిగొచ్చి, తలుపు చాటు నుంచి చూసి కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు మాత్రం గుండెల్లో కారం రాసినట్టయింది. గెల బేరమాడింది నేను, ఒలిచింది నేను, గోళ్లన్నీ నల్లబడింది నాకు. పెట్టింది ఆవిడ. సాయి నవ్వింది కూడా ఆవిడని చూసే.

అది కాదు అసలు మంట. రోజూ స్కూటీ వచ్చే వేళకి సాయి వెళ్లి గ్రిల్లు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టింది. రోడ్డు వైపు చూస్తూ. నా కోసం ఆ పిల్ల ఎప్పుడైనా అలా నిలబడిందా? లేదు. నేను ఇంట్లోంచి కదిలితే కదా ఎదురు చూడటానికి.

ఆ రోజుల్లోనే సీతారామలక్ష్మిగారు ఫోన్ చేశారు. వాళ్లు పక్క వీధిలోనే. ఆవిడ మాట్లాడితే వెన్నపూస.

"వదినగారూ, మీ నోరు తీపి చెయ్యాలండి! మా అనంతు ఇవాళ 'నీళ్లివ్వు' అన్నాడండి. మీ పావనిని చూసి అన్నాడు. అందరం ఏడ్చేశాం. మీ కోడలు బంగారమండి, బంగారం!"

"శుభమండి వదినగారూ. చాలా సంతోషం."

"మరి మీ సాయి ఏమైనా అంటోందా అండి?"

చూశారా? అడిగింది ప్రేమతోనే. కాదనను. కానీ ప్రేమతో గుచ్చినా సూది సూదే.

"మా సాయికి అడగాల్సిన ఖర్మేంటండి, నేనున్నానుగా" అన్నాను.

"అవునవును. మీలాంటి మామ్మ ఎవరికుంటారండి" అని, సాయంత్రానికి డబ్బా నిండా సున్నుండలు పంపించారు. నెయ్యి ఓడుతున్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. బాగున్నాయి. బాగున్నాయని ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు పావని వాళ్లింటికి వెళ్లగానే, వినీల రాకముందు, నేను చాప పరిచాను. గిన్నెలో ముంజలు పోసుకుని, కార్డు ముందు పెట్టుకుని, అచ్చం ఆవిడలాగే కూర్చున్నాను. అడగవే అమ్మలూ, నన్నూ ఒక్కసారి అడగవే, అనుకుంటూ.

సాయి వచ్చి నా ఎదుట కూర్చుంది. కార్డు వైపు చూడను కూడా చూడలేదు. తీరిగ్గా నోరు తెరిచింది, గూట్లో పిట్టపిల్లలాగ. నేను పెడతానని దానికి తెలుసు.

నేను ఎంతసేపు ఆగానో చెప్పడానికి సిగ్గేస్తోంది. రెప్పపాటు కూడా ఆగలేదు. పెట్టేశాను.

ఫోన్ మర్చిపోయి మధ్యలో ఇంటికి వచ్చిన అప్పాజీ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. "ఏంటమ్మా, ఈ వయసులో నీకు పరీక్షలా?"

"నవ్వరా నవ్వు. నీకూ ఇలాగే పెట్టాను. నువ్వు అడగడం నేర్చుకోలేదా?"

"నేర్చుకున్నా కదే. కంపెనీలో ఇంక్రిమెంటు అడగమంటే మాత్రం ఇప్పటికీ నోరు రావట్లేదు" అంటూ వెళ్లిపోయాడు. వాడు వేళాకోళానికే అన్నాడు.

తర్వాత వారం వినీల పని చూడటానికి మేడమ్ గారు కంప్యూటర్లో కూర్చునే రోజు వచ్చింది. వినీల గంటలకి అది ముఖ్యమైన రోజని, ఆ పూట తనూ ఇంట్లోనే ఉంటానని పావని ముందే చెప్పింది. "కాస్త చూసుకోండి అత్తయ్యగారూ" అని కూడా అంది. నేను చూసుకున్నాను. ఆ పొద్దున్నే ముంజలబ్బాయి వచ్చి, "ఆయ్, ఇంత లేతవి మళ్లీ రావండి మామ్మగారూ, గెలలు ముదురుతున్నాయండి" అన్నాడు. గెల మొత్తం కొట్టించాను. సాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒలిచింది ఒలిచినట్టు నోట్లో పెట్టాను. పిల్ల కడుపు నిండి త్రేన్చింది. పరాయిదాని ఎదుట చెయ్యి చాపే అవసరం ఈ ఒక్క రోజు నా మనవరాలికి లేదు, అనుకున్నాను. హాయిగా అనిపించింది. అబద్ధం చెప్పను.

మధ్యాహ్నం వినీల చాప మీద కూర్చుని గిన్నె చూపించింది. సాయి గిన్నెని కాలితో తోసేసింది. కార్డు పెడితే విసిరేసింది. మళ్లీ పెడితే చాప మీద బోర్లా పడుకుని కళ్లు మూసుకుంది. వినీల నుదుటి మీద చెమట పట్టింది. ఉయ్యాల బొమ్మ చూపించింది, బుడగలు ఊదింది. సాయి కదల్లేదు.

కంప్యూటర్లోంచి మేడమ్ గారి గొంతు వచ్చింది. కోపం లేదు ఆ గొంతులో. "మామ్మగారు ఉన్నారా? నమస్కారమండి. పాపకి ముంజలు ఇష్టమేనా అండి?"

"ఇష్టమేంటండి, ప్రాణం."

"ఇవాళ పొద్దున్న ఏమైనా తిందా అండి?"

"కడుపు నిండా తింది. నా చేత్తో నేనే పెట్టాను" అన్నాను, కొంగు సవరించుకుంటూ.

 పావని నావైపు చూడలేదు. మేడమ్ గారు, "వినీలా, మొదలుపెట్టే ముందు ఇంట్లో అడిగి తెలుసుకోవాల్సింది ఎవరు?" అన్నారు.

"నేనేనండి మేడమ్. అడగలేదు. నాదే పొరపాటు" అంది వినీల. నావైపు వేలు చూపిస్తుందనుకున్నాను. చూపించలేదు. అది ఇంకా మండింది.

అప్పుడు మేడమ్ గారు నాతో అన్నారు: "మామ్మగారూ, ఇంట్లో ఎవరికైనా మనసొప్పకపోతే మేం పని చెయ్యకూడదండి. మీకు ఇష్టం లేదని చెప్పండి, తప్పేం లేదు. వినీల రావడం ఆపేస్తుంది."

మీకు ఇష్టమేనా అని నన్ను అడిగినవాళ్లు ఈ జన్మలో తక్కువ. అడిగారు కదా అని చెప్పేశాను. "నాకిష్టం లేదండి."

వినీల కార్డులు సంచిలో సర్దుకుంది. సాయి తల నిమిరి, "వెళ్లొస్తానండి మామ్మగారూ" అంది. స్కూటీ చప్పుడు మలుపు తిరిగిపోయింది.

పావని అరుస్తుందేమోనని సిద్ధంగా ఉన్నాను. నాలుగు జవాబులు కూడా కూర్చుకున్నాను. ఆ పిల్ల అరవలేదు. తడిబట్టలు ఆరేస్తూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"నేనూ మానేస్తానండి అత్తయ్యగారూ. ఎదుటివాళ్ల పిల్లాడికి నేర్పి వస్తుంటే, నా పిల్లకి నేర్పేవాళ్లు లేకపోతే, నాకు చేతులు రావండి."

"మరి ఆ సర్టిఫికెట్టు?"

"గంటలు పూర్తికాకపోతే పరీక్షకి కూర్చోనివ్వరండి. పోనివ్వండి."

గెలిచాననుకున్నాను. కోడలు ఇంటిపట్టున ఉంది, పరాయి పిల్ల గడప దాటిపోయింది, మనవరాలు నా ఒళ్లో ఉంది. ఇంకేం కావాలి? పావని వంట చేసేది, బట్టలు మడిచేది. కంప్యూటరు మీద దుప్పటి కప్పేసింది. అడిగినదానికి "ఆ అండి, లేదండి" తప్ప మాట లేదు. మాట రాని పిల్ల ఒక్కతే ఉండేది ఇంట్లో, ఇద్దరయ్యారు.

సాయి మాత్రం ఆ వేళకి గ్రిల్లు దగ్గర నిలబడటం మానలేదు. నిలబడి నిలబడి, ఇనప ఊచకి నుదురు ఆనించుకునేది. "నేనున్నానే బంగారం" అనేదాన్ని. వినిపించుకునేది కాదు.

ఒకనాడు పావని పెరట్లో గిన్నెలు తోముతోంది. నేను హాల్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. సాయి గ్రిల్లు వదిలి నా దగ్గరకొచ్చింది. నా చెయ్యి పట్టుకుని లాగింది. అదెప్పుడూ నన్ను లాగలేదండి. లాగాల్సిన పని నేనెప్పుడు రానిచ్చాను గనక.

లేచాను. దాహమేమో అనుకుని నీళ్లిచ్చాను. గ్లాసు తోసేసింది. అప్పటికి దొరికేవి ముదురు ముంజలే, అవైనా తెచ్చాను. తల తిప్పేసుకుంది. పెరుగన్నం, కాదు. ఉయ్యాల, కాదు. చెవి నలుపుకుంటోందా అని చూశాను. లేదు. అడక్కుండానే అన్నీ తెలిసినదాన్ని, తీరా పిల్ల చెయ్యి పట్టి అడుగుతుంటే నాకు అర్థం కాలేదు. 

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నన్ను వదిలి, తలుపు మూలన చుట్టి పెట్టిన చాపని ఈడ్చుకుంటూ వరండాలోకి తెచ్చింది. వంకరటింకరగా పరిచింది. ఒక పక్కన తను కూర్చుని, రెండో పక్క అరచేత్తో తట్టింది.

మురిసిపోయాను. నన్ను కూర్చోమంటోంది! మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూలబడి కూర్చున్నాను.

రెండు చేతులూ పెట్టి నన్ను అక్కణ్ణుంచి తోసేసింది.

కోపంగా కాదండి. తప్పు చోట పెట్టిన గిన్నెని పక్కకి జరిపినట్టు జరిపింది. మళ్లీ ఆ ఖాళీ చోటుని తట్టింది. తట్టి, నా ముఖంలోకి చూసింది. ఐదేళ్లుగా పెంచాను. నా చెంపలు చూసేది, నా ముక్కుపుడక చూసేది, నా కళ్లల్లోకి అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

అది ఎవరి చోటో నాకు తెలుసు.

ఫోన్ తీసి, నేను గుర్తుపట్టేలా అప్పాజీ బొమ్మలు పెట్టి దాచిన పేర్లలో వినీలని వెతికాను. రెండో రింగుకే ఎత్తింది.

"మామ్మగారూ! సాయి బాగానే ఉందా అండి?"

"బాగానే ఉంది. నిన్ను రమ్మంటోంది."

"పావనిగారాండి?"

"పావని కాదు. సాయి. నన్ను అడిగింది."

 వినీల చిన్నగా, "ఎలా అడిగిందండి?" అంది.

చెప్పాను. చెయ్యి లాగడం, చాప పరచడం, తట్టడం. తోసేసిన సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"తోసేసిందా అండి మిమ్మల్ని?" ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "కార్డు లేకుండా, ఎవరూ చెయ్యి పట్టించకుండా, తనంతట తనేనా అండి?"

"నవ్వకు. తోసేస్తే తోసేసింది. అడిగింది మాత్రం నన్నే. మీ మేడమ్ గారికి చెప్పేటప్పుడు ఆ ముక్క వదిలెయ్యకు. నాకు ఇష్టమేనని కూడా చెప్పు."

వెనక్కి తిరిగితే పావని, చేతులకి ఇంకా సబ్బు నురుగుతో, గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"చూస్తావేం? సీతారామలక్ష్మిగారికి ఫోన్ చెయ్యి. రేపట్నుంచి వస్తున్నానని చెప్పు."

"మరి మీకు..."

"నాకు కుళ్లుగానే ఉంటుంది. ఆవిడ మనవడు మాట్లాడిన ప్రతి మాటకీ కుళ్లుగానే ఉంటుంది. అది నేను పడతాను. నీ గంటలు నువ్వు పూర్తి చేసుకో."

పావని ఆ నురుగు చేతులతోనే నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ శీతాకాలం పరీక్ష రాసి ప్యాసైన సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే, సీతారామలక్ష్మిగారి కంటే ముందుగా.

ఆ ఫోన్ చేసిన రోజు సాయంత్రమే, స్కూటీ మలుపు తిరిగిన చప్పుడుకే సాయి లేచి గ్రిల్లు దగ్గరికి పరిగెత్తింది, నన్ను రాసుకుంటూనే. వినీల వచ్చి చెప్పులు విడిచి, ఆ వంకర చాప మీద, తన చోట కూర్చుంది. సంచిలోంచి బుడగల సీసా తీసింది. సాయి నావైపు చూడలేదు. నేను గడప మీద కూర్చున్నాను.

కాసేపటికి సాయి గోడకి భుజం రాసుకుంది. దాహం. నాకు తెలుసు. వినీల ఇంకా చూడలేదు. గ్లాసు కోసం లేవబోయాను.

మళ్లీ కూర్చున్నాను.